పీకి చూసిన కొమ్మ

వనపర్తిలో ఒక క్రైస్తవ సంఘం నడిపే చిన్న దవాఖానలో, కృత్రిమ కాళ్ల వర్క్‌షాప్‌కు నన్ను టెక్నీషియన్‌గా వేసింది కోవిడ్ తగ్గిన మరుసటి వేసవిలో. ఈ సంగతి మొదలైన ఉదయం ఆ గదిలో ఉన్నవి ఇవి: ప్లాస్టిక్ షీటును మెత్తబరిచే ఓవెన్, పట్టుకుని నడక నేర్చుకునే జంట కడ్డీలు, ప్లాస్టర్ బస్తాలు, రోగులు వాడి తిరిగిచ్చిన పాత కాళ్ల బీరువా, కిటికీలో నేను పెంచుకుంటున్న కుండీలు. మనుషులం ఇద్దరం. నేను, పెద్దమందడి దగ్గరి ఊరి నుంచి వచ్చిన రూతమ్మ.

రూతమ్మ కూలి మనిషి. పల్లీల మిషన్‌లో పడి కుడి కాలు పోయింది. డాక్టర్లు మోకాలిని కాపాడగలిగారు. మా వృత్తిలో మోకాలు ఉండటం, లేకపోవడం రెండు వేర్వేరు జీవితాలు. మోకాలి కింద మిగిలిన ఎముక కొత్త కాలి తొడుగును పట్టి ఉంచుతుంది. ఆ ఎముక ఎంత పొడవుంటే అంత పట్టు. ఆమె నడవాల్సింది పొలం గట్ల మీద.

తొడుగు వెంటనే చేయకూడదు. ముందు కుట్లు పూర్తిగా మానాలి. రోజూ సాగే పట్టీతో కట్టు కట్టి వాపు దించాలి. కొలత ఇక తగ్గడం లేదని తేలాకే అచ్చు తీయాలి. తొందరపడి బరువు మోపితే మానుతున్న చర్మం చీలుతుంది. చీము ఎముక దాకా వెళితే మళ్లీ కోయాలి. ఈ పద్ధతికి మినహాయింపులు లేవు, ఏ మతంలోనూ.

ఆమె వార్డు నుంచి కట్టు కోసం వచ్చినప్పుడల్లా కుండీల దగ్గర ఆగేది. అడిగితే ఒక క్రోటన్ కొమ్మ తుంచి మట్టిలో గుచ్చి ఇచ్చాను. మర్నాడే పీకి చూసింది. ఆ మర్నాడూ అంతే. వద్దన్నాను.

"సూడకుంటె ఎట్ల తెలుస్తది సారూ, బతికిందో సచ్చిందో?"

"పీకినప్పుడల్ల సన్న వేళ్లు తెగుతయి. బతికితే అదే కొత్తాకు ఏస్తది. నీ కట్టు గూడ గంతే, ఊకె ఇప్పి సూడకు."

ఆమె నవ్వింది. "కాలున్నన్ని దినాలు మా ఇంటాయన గూడ నా దిక్కు సూడలే. ఇప్పుడు ఊరంత సూడవట్టె." ఆ తర్వాత కొమ్మ జోలికి పోలేదు.

నేనూ విశ్వాసినే. మొక్కల దగ్గర నేను నేర్చుకున్నది ఆదివారం ప్రసంగాల్లో దొరకలేదు. వేరు చీకట్లోనే పడుతుంది. ఆ పని చేసేది దేవుడైతే, మనం చేయవలసింది మట్టిని తడిగా ఉంచి చేతులు వెనక్కి తీసుకోవడం.

మా దవాఖాన కమిటీకి అధ్యక్షుడు సంఘం పెద్ద కాపరి, అంటే పాస్టర్. అందరూ అయ్యగారు అంటారు. డాక్టర్ల మీద సూపరింటెండెంట్, సూపరింటెండెంట్ మీద ఆయన. ఒకరోజు చేతిలో కరపత్రంతో వర్క్‌షాప్‌కు వచ్చాడు. గద్వాలలో స్వస్థత కూడిక, ప్రార్థనతో రోగాలు నయమవుతాయని పెట్టే సభ. కాలు పోయిన సోదరి నడిచి వచ్చి సాక్ష్యం చెబుతుందని రూతమ్మ ఫొటోతో అప్పటికే అచ్చువేయించాడు. సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పడం. మేలు ఇంకా జరుగుతూనే ఉంది, పూర్తి కాలేదు.

"తమ్ముడూ, జర కాలు తయారు చెయ్యి. స్టేజి ఎక్కి దిగుడే."

కుట్టు చివర ఇంకా తడి ఉందని, వాపు దిగలేదని చెప్పాను.

"నీకు విశ్వాసం లేదా?"

"ఉంది అయ్యగారూ. పుండు గూడ ఉంది."

రూతమ్మకు విషయం చెప్పి, వెళ్లవద్దన్నాను. ఆమె తల దించుకుంది. "పోకుంటె దేవుని మీద అలిగినట్టు గాదా సారూ? సాక్ష్యం చెప్పకుంటె స్వస్థత ఎనక్కి పోతదంట." ప్రభువు కుష్ఠరోగిని బాగుచేసి, ఎవరితోనూ చెప్పవద్దన్నాడని గుర్తు చేశాను. "గది నువ్వు అయ్యగారికి చెప్పు," అంది. చెప్పాను. ఆయన సూపరింటెండెంట్ వైపు తిరిగి, "నట్లు బిగించెటోళ్లు గూడ వాక్యం చెప్పవట్టిరి," అని నవ్వాడు. సూపరింటెండెంట్ కూడా నవ్వాడు.

కూడిక రోజున నన్ను కల్వకుర్తి క్యాంపుకు కొలతలు తీయడానికి పంపారు. సూపరింటెండెంట్ దగ్గరున్న తాళంచెవితో బీరువా తెరిచారు. ఎవరి కొలతకో చేసిన పాత కాలును, లోపల బట్టలు కుక్కి, రూతమ్మకు బిగించారు.

తిరిగి వచ్చేసరికి ఆమె వార్డులో జ్వరంతో ఉంది. కట్టు తడిసిపోయింది. "మస్తు చప్పట్లు కొట్టిండ్రు సారూ," అంది. "గా చప్పట్లల్ల నా కేక ఎవ్వరికీ ఇనపడలే."

చీము ఎముకకు చేరింది. పెద్ద దవాఖానలో మళ్లీ కోశారు. తిరిగి వచ్చాక ఆమె మొదట అడిగింది కొమ్మ గురించి. కుండీ తెచ్చి చూపించాను. ఎర్రటి చిన్న ఆకు వేసింది.

"దీన్ని నేను మల్ల పీకలే సారూ," అంది. "నన్ను పీకిండ్రు."

నేను కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. సంస్థ పేరు చెడగొట్టవద్దని జవాబు వచ్చింది. తర్వాతి కూడిక కరపత్రంలో, స్టేజి మీద నిలబడ్డ రూతమ్మ ఫొటో మళ్లీ వేశారు. ఆమెకు రెండో ఆపరేషన్ గాయం మానేదాకా ఉండి, తొడుగు అచ్చు నా చేతులతోనే తీసి, కాలు బిగించి, రాజీనామా ఇచ్చాను. ముప్పై ఒకటో ఏట రిటైరైనవాణ్ణి నేను. ఇంట్లో కుండీలున్నాయి. పీకి చూసేవాళ్లను గడప లోపలికి రానివ్వను.

ఈ ఉద్యోగం నాకు నేర్పింది ఒకటే. మానుతున్న గాయాన్ని విప్పి చూపించమనేవాడికి కావలసింది స్వస్థత కాదు, చప్పట్లు. అతను ఎవరి పేరు చెప్పుకుని అడిగినా కట్టు విప్పకూడదు.

మొదటి ఆపరేషన్ తర్వాత రూతమ్మకు మోకాలి కింద మిగిలిన ఎముక పద్నాలుగు సెంటీమీటర్లు. గద్వాల కూడిక తర్వాత తొమ్మిది.