రాజమల్లు చేనులో నా పడవ

2023, సూరత్‌లో వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. నేను పనిచేసేది పర్యావరణ నివేదికలు రాసే ఒక చిన్న సంస్థలో. హజీరా ఫ్యాక్టరీల పొగ, బూడిద, మురుగునీళ్ళ లెక్కలే మా రోజువారీ బతుకు. అలాంటిది ఆ ఏడాది తెలంగాణ ఉత్తరాన ఉన్న ఒక భూగర్భ బొగ్గుగని పని మాకు వచ్చింది. తెలుగు వచ్చేది నీకొక్కదానికే కదా అని ఆ ఫైలు నా నెత్తిన పెట్టారు. నాది గోదావరి లంకల్లో ఊరు. తెలుగంటే అంతా ఒకటేలే అనుకున్నాను.

భూగర్భగనిలో కప్పు కూలకుండా అక్కడక్కడా బొగ్గు స్తంభాలు వదులుతారు. చివరికి వాటినీ తీసేస్తారు, దాన్ని డీపిల్లరింగ్ అంటారు. అప్పుడు లోపలి కప్పు కూలుతుంది, పైన నేల మెల్లగా కుంగుతుంది. ఆ కుంగుబాటు పేరు సబ్సిడెన్స్. పగుళ్ళు పూడ్చి, పల్లం నింపి, పైన సాగుమట్టి పరిచి రైతుకు అప్పగించాలన్నది ఆ గని అనుమతిలో ఒక షరతు. అయితే నీళ్ళు నిలిచిన పల్లాన్ని అలాగే ఉంచమని రైతే కోరితే నింపక్కర్లేదు. గని వాళ్ళకు అంతకంటే కావలసిందేముంటుంది?

కుంగిన చేలల్లో ఒకదాని యజమాని రాజమల్లు సూరత్‌లోనే, బమ్రోలిలో ఉన్నాడని తెలిసింది. పవర్‌లూమ్ కార్మికుడు. ఆయన మాట తెలుసుకుని రాసుకు రావడం నా పని.

ఆయన గది కార్ఖానా పైనే. కింద సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడుతుంటే గోడకున్న అద్దం కూడా వణుకుతోంది. చేను ఫొటో ఫోన్లో చూపించాను. నడుమ నిండా నీళ్ళు, నీళ్ళలో తెల్లటి మబ్బులు. ఆయన ఫోను దగ్గరికి తీసుకుని ఆ నీళ్ళ మీద వేలు పెట్టాడు.

"గీడ మా అవ్వ జొన్న కోసేది మేడం. గిప్పుడు మబ్బులు దిగినయ్."

"మరి ఏం చేయమంటారండీ?"

ఆయన ఏదో చెప్పాడు. ఆ మోతలో నాకు అందింది చివరి ముక్క ఒక్కటే. "పడవ వెట్టున్రి."

పడవా? నేను ఆయన కూతురు సుజాత వైపు చూశాను. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, కాలేజీలో చదువుతోంది. "హా మేడం, జర ఆగి కూసోనీకె ఒక జాగా అంటుండు బాపు," అంది.

నాకు ఒళ్ళు పులకరించింది. పడవ, అది ఆగేచోట కూర్చోవడానికి కాస్త గట్టు. ఈ మగ్గాల రొదలో ఎంత చల్లటి కోరిక పెట్టుకున్నాడు ఈ మనిషి అనుకున్నాను. మా ఊరి రేవు గుర్తొచ్చింది.

ఆ వారమంతా హజీరా బస్సులో కునుకు పడితే చాలు, ఆ పడవే. నీళ్ళ మీద పడవ, నీళ్ళ కింద జొన్నచేను, చేను కింద చీకటి సొరంగాలు, వాటిలో నెత్తి మీద దీపాలతో నడిచిపోతున్న మనుషులు. ఎవరూ తొందరపడడం లేదు. ఆ పడవ తెడ్డు నా చేతిలోనే ఉండేది.

పల్లాన్ని నింపకుండా చెరువుగానే ఉంచి, పడవ పెట్టమని రైతు కోరుతున్నాడని నివేదిక రాసేశాను. గని వాళ్ళు చదివి తెగ మెచ్చుకున్నారు. ఇక రాజమల్లు సంతకం పడితే ఆ పల్లం ఎప్పటికీ చెరువే.

సంతకానికి వెళ్ళింది సాంచాల సెలవు రోజున. నిశ్శబ్దంగా ఉంది. రాసింది చదివి వినిపించాను. పెన్ను పట్టుకున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

"పడవేంది మేడం? నాకు ఈత గూడ రాదు."

"మీరే అన్నారు కదండీ."

"నేనన్నది పడావు. మన్ను పోసినంక రెండేండ్లు పడావు వెట్టున్రి అన్న. ఏం విత్తకుంట ఇడిసిపెట్టుడు. కొత్త మన్ను గద, జర కుదురుకోవాలె. గటెన్క నేనే వోయి జొన్న జల్లుకుంట. గందుకే గద ఈడ ఇన్నేండ్లు సాంచాలు నడిపింది."

మా వైపు దాన్ని బీడు పెట్టడం అంటాం. పడావు అన్న మాట నేను అంతకుముందు వినలేదు.

సుజాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పడావ్ అంటే ఆగే జాగా కాదా బాపు? హిందీల గట్లనే అంటరు గద."

"ఇద్దరు గల్సి నా చేనుల పడవ నడిపిన్రు," అని నవ్వాడు రాజమల్లు. నవ్వుతూనే పెన్ను నా చేతిలో పెట్టేశాడు.

ఆ కాగితం అక్కడే చింపేశాను. కొత్త నివేదికలో పడావు అన్న మాటను ఆయన పలికినట్టే రాసి, పక్కన అర్థం రాశాను. గని వాళ్ళు మొహం ముడుచుకున్నారు కానీ షరతు షరతే. పల్లం నిండింది, పైమట్టి పడింది.

తర్వాత సుజాత తండ్రితో కలిసి మొదటిసారి ఆ ఊరు వెళ్ళి, చేను దగ్గర నుంచి ఫోన్ చేసింది.

"బాపు పొద్దుగాల సంది గట్టు మీదనే కూసున్నడు మేడం. ఏం జేస్తలేడు, ఊకె జూస్తుండు. నేను జెప్పిన పడావ్ గూడ తప్పేం గాదు."

అప్పటి నుంచి ఎవరి భూమి గురించి అడగాలన్నా ముందు చుట్టూ ఉన్న మోత ఆపమంటాను. వాళ్ళ మాటను వాళ్ళ చేతే మళ్ళీ చెప్పించుకుంటాను, అది నాకెంత బాగా నచ్చితే అంత పట్టుబట్టి. ఇప్పటికీ బస్సులో కునుకు పడితే ఒక్కోసారి ఆ పడవ వస్తుంది. ఇప్పుడు దాని కింద నీళ్ళు ఉండవు, పడావు పెట్టిన చేను మట్టి మీద ఆగి అది ఎక్కడికీ కదలదు. నాకు ఎంత హాయిగా ఉంటుందో.