జపనీస్ పాటకి అర్థం అడిగాను

ఈ ఉదయం మా అమ్మాయిని లోవర్ హట్ రైల్వే స్టేషన్‌లో దింపడానికి వెళ్తుంటే, కారులో తనొక జపనీస్ పాట పెట్టింది. స్కూల్లో ఆ భాష నేర్చుకుంటోంది. నెమ్మదైన పాట, వింటుంటే గుండె బరువెక్కింది. అర్థమేమిటని అడిగాను.

"సింగర్ తన యూత్‌కి గుడ్‌బై చెప్తోంది మమ్మీ."

"నేనూ ఇరవై రెండేళ్ళకే అన్నీ వదిలేసి ఈ పరాయి దేశానికొచ్చా" అన్నాను.

"అది వేరే. నువ్వు వర్క్‌కి వచ్చావ్ కదా," అంది ఫోన్లోంచి తలెత్తకుండా.

నిజమే. వచ్చిన వారానికే వృద్ధాశ్రమంలో డ్యూటీకెక్కాను. ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తుండగానే నాకు ముప్ఫై ఏళ్ళు వచ్చేశాయి. గుడ్‌బై చెప్పుకోవడానికి నాకెవరూ సెలవివ్వలేదు.

తను దిగి, చెయ్యూపి వెళ్ళిపోయింది. మా ఇంట్లో నేను పుట్టుకతోనే మమ్మీని. మీ పిల్లల లెక్కలో మీరెప్పుడైనా వయసులో ఉన్నారా?