గుండిగలో ఆగిపోయిన వేడి

ఊరు మొత్తానికి సిగ్నల్ మందిరం మెట్లమీద మాత్రమే దొరికే రోజులవి. నాకు ఇరవై రెండేళ్ళు, చేతిలో కలర్ ఫోను, ముక్కుమీద కోపం. విశాఖలో పెరిగినదాన్ని గనక, సంతబొమ్మాళి దగ్గరి మా అమ్మమ్మగారి ఊళ్ళో నాకు తెలియనిదంటూ ఉంటుందన్న అనుమానమే ఉండేది కాదు (ఆ ధీమా ఇప్పుడు ఎంత వెతికినా దొరకడంలేదు). గుజరాత్‌లో ఒకచోట ప్లాస్మా మీద పరిశోధన చెయ్యడానికి సీటు వచ్చింది, గురువారంలోగా చేరాలి. మా నాన్న మాత్రం బ్యాంకు పరీక్షల పుస్తకాలు తెచ్చి బల్లమీద పెట్టాడు. మూడు రోజులు నేను అన్నం మానేస్తే, "మీ పెదమావ ఊఁ అంటే వెళ్ళు" అని తప్పుకున్నాడు. పెదమావ అంటే అమ్మ పెద్దన్నయ్య. పలాస జీడి ఫ్యాక్టరీలో బాయిలర్ మేస్త్రి, ఊళ్ళో మందిరానికి, అంటే చర్చికి, సంఘపెద్ద. ఆయన చేత ఊఁ అనిపించడం కంటే అన్నం మానెయ్యడమే సుఖం.

ఆ ఆదివారం కోత పండుగ. ఆరాధన అయిపోయింది. జనం తెచ్చిన ధాన్యం, కొబ్బరికాయలు, జీడిపిక్కలు ముందువైపు వేలం వేస్తున్నారు. మందిరం వెనక ప్రేమవిందుకు, అంటే సంఘమంతా కలిసి తినే భోజనానికి, వంటలు. నాలుగు కట్టెల పొయ్యిమీద, నేను కూర్చుంటే మునిగిపోయేంత గుండిగలో కొబ్బరిపాల పాయసం ఉడుకుతోంది. ఊరి వంటలన్నీ చేసే ముసలాయన, అందరూ తెడ్డు తాత అంటారు, దాన్ని కలుపుతున్నాడు. పక్కనే బల్లమీద పెదమావ. ఇంతకన్నా మంచి సమయం రాదనుకుని ఎదురుగా నిలబడ్డాను.

"మావా, సూర్యుడి నడిబొడ్డు కన్నా వేడైన వాయువుని గోడకి తగలకుండా అయస్కాంతాలతో పట్టి ఉంచుతారు. దాని అంచులో చిన్నచిన్న సుడులు పుట్టి, లోపలి వేడిని మోసుకొచ్చి గోడమీద పారబోస్తాయి. అదే అంచులో పక్కపక్క పొరలు ఒకటి జోరుగా, ఒకటి నెమ్మదిగా పారాయనుకో, మధ్యలో పడ్డ సుడి సాగి సాగి తెగిపోతుంది. వేడి లోపలే ఉండిపోతుంది. అదే నేను చదవబోయేది."

"నోటితో సెప్తే మా బాయిలరు కూడా సల్లగానే ఉంటాది. సూపించు."

నా కళ్ళు గుండిగ మీద పడ్డాయి. ఆ క్షణంలో ఎవరైనా నన్ను పట్టుకుని ఉంటే బాగుండేది.

తాత చేతిలో తెడ్డు లాక్కున్నాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి ఎడంచేత్తో పట్టుకుని, పాయసం నడుమ గుప్పెడు జీడిపప్పు బద్దలు చల్లి, గుండిగ చుట్టూ తిరుగుతూ అంచు వెంబడి మాత్రమే జోరుగా తిప్పడం మొదలుపెట్టాను.

"అడుగు గీరకపోతే పట్టేత్తాదమ్మా."

"అడుగుతో మనకి పని లేదు తాతా, అంచు."

"నీకు నేదు గాని పాయసానికి ఉన్నాది కదేటి."

నేను వినలేదు. ఆరు నిమిషాలు తిరిగాను. నిజం చెప్పాలంటే చూడ్డానికి అద్భుతంగా ఉంది. అంచు గిర్రున తిరుగుతోంది, నడుమ బద్ధకంగా కదులుతోంది, జీడిపప్పు ఒక్క బద్దయినా గోడ వైపు రాలేదు. "చూశావా మావా" అని గర్వంగా ఫోను ఎత్తి చూపించాను. ఆయన ఫోను చూడలేదు. వాసన చూస్తున్నాడు.

వేలం దగ్గరున్న వాళ్ళకి కూడా అందింది ఆ వాసన. పెదమావ భార్య, మా అత్త, పరిగెత్తుకొచ్చి తెడ్డు అడుగుదాకా దించి పైకి లాగింది. నల్లటి పెచ్చులు.

"సిటీ గుంట ఊరి పాయసం మాడ్సీసినాది" అంది అందరికీ వినబడేలా.

"మాడిందంటే ఏంటత్తా? వేడి పైకి రాలేదనేగా? నేను చెప్పిందే జరిగింది" అన్నాను తలెత్తి. తాత నా వంక జాలిగా చూసి తెడ్డు తీసుకున్నాడు. ఇక బ్యాంకే అనుకున్నాను.

పెదమావ గరిటెడు పాయసం ఆకులో వేయించుకుని, ఊదుకుంటూ ఆసాంతం తిన్నాడు. వేలు నాక్కుని అడిగాడు. "సరే, సుడులు తెంపీసినావు. వేడి లోపలే ఆగిపోయినాది. పొయ్యేమో ఆరదు. మరది లోపల అలా పేరుకుంటా ఉంటే ఓ రోజు పేలదేటే కోడలా? మా బాయిలరుకి సేఫ్టీ వాల్వు ఉంటాది. నీ దానికేటుంటాది?"

"అలా ఏం జరగదు" అన్నాను పౌరుషంగా.

"తెలీదు నీకు."

"తెలీదు. అయినా వెళ్తాను."

"అయితే ఎల్లు. అన్నీ తెలిసినోల్లని సదువుకి పంపి ఏటి సేత్తాం" అని లేచి వెళ్ళి, వేలం దగ్గరున్న మా నాన్నకి ఊఁ అని చెప్పేశాడు. ఆ మాడు పాయసం ఊరంతా వంక పెట్టకుండా తిన్నారు (వంకలన్నీ తిన్నాక పెట్టారు). గుండిగ తోమే పని నాకే పడింది. కొబ్బరిపీచు, ఇసక, సాయంత్రం దాకా. మెట్లమీద పెట్టిన ఫోను మోగుతున్నా ఎత్తడానికి చెయ్యి ఖాళీ లేదు.

గుజరాత్‌లో మొదటి వారమే రెండు సంగతులు తెలిశాయి. మామూలు నీళ్ళలో పక్కపక్క పొరలు వేరువేరు జోరుతో పారితే సుడులు చావకపోగా కొత్తవి పుట్టొచ్చు. ప్లాస్మా అంచు సంగతి వేరు. పాయసంతో నేను నిరూపించింది ఏమీ లేదు, అడుగు గీరక మాడింది, అంతే. రెండోది, అంచులో సుడుల్ని అణిచిపెట్టి వేడిని ఆపితే అది అక్కడ పేరుకుని, ఉండుండి భళ్ళున గోడమీదకి తన్నుకొస్తుంది. దాన్ని ఎలా ఆపాలో ప్రపంచమంతా కొట్టుకుంటోంది. ఆ రోజు క్లాసులో తలెత్తలేకపోయాను. నాలుగేళ్ళుగా నేను చేస్తున్న పని అదే, పెదమావ ఆకులో పాయసం నాకుతూ అడిగిన ప్రశ్న. నా పరిశోధన పత్రాల్లో ఆయన పేరు ఎక్కడా రాయలేదు గాని, ఆయన వదిలేస్తాడా? ఇప్పటికీ ఫోను చేస్తే, ఎలా ఉన్నావని అడగడు.

"ఏటే, వాల్వు దొరికినాదా?"

"ఇంకా లేదు మావా."

"అయితే అడుగు గీరుతూ ఉండు" అని పెట్టేస్తాడు. ఇరవై రెండేళ్ళ ఆ పొగరుబోతు పిల్ల అయితే వెంటనే తిరిగి ఫోను చేసి వాదించేది. నేను మాత్రం ఫోను జేబులో పెట్టుకుని, మళ్ళీ పనిలో కూర్చుంటాను.