తెలిసి పెట్టిన రాయి

నలభై ఆరేళ్ల వయసులో నేను వృత్తి నీతిశాస్త్రంలో ఎం.ఏ. చేశాను. ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెద్దదవుతుందని మావాళ్లు ఎగతాళి చేస్తారు. చేసుకోనీ. కర్నూలు చుట్టుపక్కల చేలల్లో సర్వే చేసి, బోర్లకు పాయింట్లు పెట్టడం నా పని. భూగర్భ జలాల గురించి చదువుకుని, ఇనుప కడ్డీలూ వైర్లూ మోసుకుంటూ ఇరవై ఏళ్లుగా ఎండలో తిరుగుతున్న ఆడమనిషి ఈ ప్రాంతంలో నాకు తెలిసి ఇంకొకరు లేరు. అది చాలక మళ్లీ ఈ చదువెందుకని అందరూ అడిగారు. మా ఆయనైతే, "నీతి చదవనీకి కడప దాకా పోవల్లనా? దినామూ ఇంట్లో నాకు చెప్పేది చాలదా?" అన్నాడు.

ఉన్నమాట చెప్పాలంటే పౌరుషానికి చేరాను. ఆ తరగతిలో డాక్టర్లు, ఇంజనీర్లు, ఆడిటర్లు కూర్చుంటారని విని, మనకేం తక్కువ అనుకున్నాను. శని, ఆదివారాలు క్లాసులు. తెల్లవారుతూనే కర్నూలులో బస్సెక్కితే మైదుకూరు వచ్చేసరికి ఆ రోజు పాఠం ఒకసారి చదవడం అయిపోయేది. క్లాసులో నేను నోరు మూసుకుని కూర్చున్న రోజు లేదు. డాక్టరు రోగికి ఏం చెప్పాలి, ఇంజనీరు ఎక్కడ సంతకం పెట్టకూడదు అని అందరి వృత్తుల్లోనూ తప్పులు పట్టాను. మొదటి సెమిస్టరులో క్లాసు ఫస్టు నేనే. ఆ మార్కుల కాగితాన్ని మా ఆయన కాఫీ గ్లాసు పక్కనే పెట్టి వెళ్లిపోయాను.

రెండో ఏడు ప్రాజెక్టు రాయాలి. మా గైడు నాకంటే పదేళ్లు చిన్నది, మాట మాత్రం కరుకు. "మీ వృత్తిలో అందరూ చేసేదీ, ఎవరూ తప్పనుకోనిదీ ఒకటి చెప్పండి," అంది. ఆలోచించే పనే లేకపోయింది. రాయి సంగతి చెప్పాను.

మా దగ్గర సర్వేకు మనిషి వచ్చిందంటే, మీటరు ఏం చూపించినా సరే, ఇక్కడ బోరు వేయండని గుర్తుగా చేనులో ఎక్కడో ఒకచోట రాయి పాతించి పోవాలి. ఇంటివాళ్లు పసుపు, కుంకుమ, టెంకాయ పళ్లెంలో పెట్టుకుని పొద్దున్నుంచీ కాచుకుని ఉంటారు. రాయికి పూజ చేయకుండా ఉత్త చేతులతో తిరిగిపోతే ఆ చేనికి మంచిది కాదంటారు. నీళ్లు లేవని చెప్పినవాళ్లను మళ్లీ పిలవరు. అందుకని సర్వే చేసేవాళ్లు ఉన్నంతలో కాస్త నయమనిపించిన చోట రాయి పెట్టించి, ఇక దేవుడి దయ అని బండెక్కుతారు. ఇదంతా నేను చేతులు తిప్పుతూ మహా హుషారుగా వర్ణించాను.

"మీరూ పెట్టారా?" అని అడిగింది గైడు.

పెట్టాను. ఆరేళ్ల కిందట కోడుమూరు దగ్గర ఒక చేనులో పెట్టాను. అడుగున అంతా పగులు లేని బండేనని రీడింగులు తీస్తున్నప్పుడే తెలిసిపోయింది. మొగుడూ పెళ్లాం పళ్లెం పట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. నాకు నోరు రాలేదు. తూర్పు మూల రాయి పెట్టించి వచ్చేశాను. వారం తర్వాత బోరు బండి వచ్చింది. పైనుంచి అడుగు దాకా దుమ్ము తప్ప చుక్క రాలేదు. నేను ఫోన్ చేస్తే ఆ రైతు, "నీ తప్పేముండాది మేడమ్, మా గాచారం," అన్నాడు. నేనూ "అంతే అన్నా, ఏం చేస్తాం," అన్నాను. రాయి పెట్టడం కన్నా ఆ "అంతే అన్నా" అనే మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"ఇదే మీ ప్రాజెక్టు. కానీ వాళ్ల అనుమతి కావాలి. దేనికి అనుమతో కూడా చెప్పి తీసుకోవాలి," అంది గైడు. పేర్లు దాచి రాస్తే ఎవరికి తెలుస్తుందని వాదించాను. "వాళ్లకు చెప్పకుండా వాళ్ల చేను గురించి మళ్లీ మీరే నిర్ణయం తీసుకుంటారా?" అంది. ఒళ్లు మండింది. రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు. నా భయం నాది. "నీళ్లు లేవని తెల్సి పెట్టిందంట" అనే మాట ఒక్క ఇంట్లో పుడితే, వారం తిరక్కుండా కోడుమూరు సంతంతా పాకుతుంది. ఇరవై ఏళ్లు ఎండలో మాడి సంపాదించుకున్న పేరు ఒక్క పొద్దులో పోతుంది. కానీ ఇంట్లో పుస్తకం తెరిస్తే చాలు, అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందనే సామెత గుర్తుకొచ్చేది. పైగా నాకంటే చిన్నదాని ముందు ఓడిపోవడం నా వల్ల కాదు. చివరికి బయల్దేరాను.

వాళ్లింట్లో కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. రైతు తల్లి కూతురింటికి పోయిందట. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. అతని భార్య చాటలో వేరుశనగ విత్తనాలు ఏరుతోంది. టీ తాగేలోగా ధైర్యం పోతుందేమోనని గ్లాసు కింద పెట్టి చెప్పేశాను. "అన్నా, ఆ పొద్దు మీ చేన్లో నీళ్లు లేవని నాకు తెలుసు. తెలిసే రాయి పెట్టినా."

తిడతాడనుకున్నాను. అతను తల వంచుకుని, "ఇప్పుడు చెప్పి ఏం లాభం మేడమ్," అన్నాడు అంతే. ఆమె మాత్రం చాట పక్కన పెట్టింది.

"నీకు ముందే తెల్సునా అక్కా?"

"తెలుసు."

"నేను టెంకాయ కొట్టకముందే తెల్సునా?"

"తెలుసమ్మా."

ఆమె చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకేమీ అర్థం కాలేదు. రైతు మెల్లగా చెప్పాడు. ఆ రోజు రాయి దగ్గర ఆమె కొట్టిన టెంకాయ కుళ్లిపోయి ఉంది. నేను బండిలో వైర్లు సర్దుకుంటూ అది చూడనే లేదు. బోరులో దుమ్ము లేచాక వాళ్లమ్మ, చుట్టుపక్కల వాళ్లు అందరూ, కోడలు కుళ్లిన టెంకాయ కొట్టింది కాబట్టే నీళ్లు పడలేదని తేల్చేశారు.

"ఆరేండ్లాయె అక్కా," అందామె. "ఇత్తనం ఏసే దినం నన్ను చేన్లోకి రానీరు. కొత్తగా ఎవురు బోరు ఏసినా ఆడికి నన్ను పిలవరు. నేను గూడా నా చెయ్యే మంచిది కాదనుకుంటాంటి."

సిగ్గుతో చచ్చిపోయాను. క్లాసులో నష్టపోయిన పక్షం అంటూ నేను చెప్పినవన్నీ చేను గురించి, బోరు గురించి, రైతు గురించే. నా అబద్ధం వెళ్లి ఎవరి నెత్తిన పడిందో ఆరేళ్లలో ఒక్కసారైనా అడగలేదు. ఆమె చేతులు పట్టుకుని తప్పయిపోయిందని చెప్పాను. ఆ తర్వాత అనుమతి పత్రం తీసి చదివి వినిపించి, మీ పేర్లు ఎక్కడా రావు, అది నియమం అన్నాను. రైతు సంతకం పెట్టబోయాడు. ఆమె ఆపింది.

"నా పేరు రాయవా?"

"రాయను. మీకు ఇబ్బంది కాకూడదని దాస్తామమ్మా."

"ఇబ్బంది ఎవురికి? నా తప్పు ల్యాదని రాస్తాండావు. దాంట్లో నా పేరే ల్యాకుంటే ఎట్ల? మా అత్త నేను చెప్తే నమ్మదు. అచ్చులో ఉండల్ల. దాచుకుంటే నీ పేరు దాచుకో, నా పేరు పెట్టు."

కడపలో ప్రాజెక్టులను పరిశీలించే కమిటీ ఒప్పుకోలేదు. పేర్లు వేయడం నైతిక నియమాలకు విరుద్ధమని తిప్పి పంపారు. మూడుసార్లు రాశాను. చివరికి కమిటీ ముందుకే వెళ్లి, పేరు దాచేది ఆమెను కాపాడడానికే అయితే, ఆమే వద్దంటున్నప్పుడు మనం కాపాడుతున్నది ఎవరిని అని అడిగాను. నా గొంతు పెద్దదేనని ముందే చెప్పాను కదా, ఆ రోజు వరండా దాకా వినిపించిందట. నన్ను అంత ఏడిపించిన గైడు ఆ రోజు నా పక్కనే నిలబడింది. రైతు భార్య తన చేత్తో రాసిన నాలుగు వరుసల ఉత్తరం జత చేశాక ఒప్పుకున్నారు. ప్రాజెక్టు ఇంగ్లీషులోనే ఉండాలి కాబట్టి, ఆ ఒక్క అధ్యాయాన్ని తెలుగులో కూడా రాసి చివర్లో కలిపాను. ఆ రాయి పెట్టింది నేనేనని మొదటి వాక్యంలోనే రాశాను.

వైవాకు వచ్చిన పెద్దాయన, దీనివల్ల మీరేం పోగొట్టుకున్నారని అడిగాడు. కొందరు నన్ను పిలవడం మానేశారని చెప్పాను. అది నిజం. లేవంటే లేవని చెప్పే మేడమ్ కావాలని ఎక్కడో రాయచోటి నుంచి కూడా ఇప్పుడు ఫోన్లు వస్తున్నాయి, అదీ నిజమే. రాయి పెట్టకుండా తిరిగి వచ్చిన చేలు చాలా ఉన్నాయి. ఫస్టు క్లాసు వచ్చింది. గర్వంగా ఉంది, దాచుకోను.

ప్రాజెక్టు కాపీ ఒకటి బైండు చేయించి కోడుమూరు తీసుకుపోయి ఇచ్చాను. అత్తగారు అరుగు మీద కూర్చుని ఉంది. ఆమెకు చదువు రాదు. కోడలు చేతులు కడుక్కుని వచ్చి, నేను చూపించిన పేజీ తీసి, నిలబడే చదివింది. బోరులో నీళ్లు పడకపోవడానికి ఫలానా ఆమె ఏ విధంగానూ కారణం కాదని, నీళ్లు లేవని సర్వే చేసిన మనిషికి ముందే తెలుసని రాసి ఉంది అందులో. తన పేరు వచ్చిన చోట కొంచెం ఆగి, ఒక్కో అక్షరమే పలికింది. ముసలామె వీధిలోకి చూస్తూ వింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"ఇంగోసారి సదువు," అంది. "రవంత గట్టిగా సదువు, పక్కింటోళ్లకు ఇనపడల్ల."