కిటియోనే చెవిపోటు

కిటియోనే మా చెల్లెలు లుసెయానె మొగుడు. నడిసముద్రంలోని మా హాపై దీవుల్లో చర్చికి పాస్టర్లు వస్తారు, పోతారు, పాటల బృందం పెద్ద మాత్రం మారడు. మా ఊళ్ళో ఆ పెద్ద ఇతనే. పగలంతా చేపల వలలు, సాయంత్రం కావా అనే మత్తు వేరు కషాయం గిన్నె చుట్టూ కూర్చుని వరసగా చుట్టలు, ఆ తర్వాత చర్చి హాల్లో సాధన. నల్లబల్ల మీద స్వరాలను అంకెల్లో రాసి, బెత్తంతో ఒక్కో అంకె మీదా కొట్టేవాడు. తప్పు పాడినవాళ్ళను పేరు పెట్టి పిలిచి అందరి ముందూ కడిగేసేవాడు. "వదినా, నీ గొంతులో మేక దూరింది. ముందు దాన్ని బయటికి తోలు," అన్నాడొకసారి నన్ను. వారం రోజులు అతనితో మాట్లాడలేదు. అయితే అతను మంద్రంలో పాట అందుకుంటే ఎంతటి కోపమైనా దిగిపోయేది. ఆ మాట ఒప్పుకోవాలి.

జనవరిలో మాకు ప్రార్థనల వారం. పొద్దునా సాయంత్రం చర్చిలో గొంతు చించుకుని పాడతాం. చివరి రోజుకి ఊళ్ళో సరిగ్గా మాట్లాడగలిగేవాడుండడు. అది మాకు గొప్ప. ఎవడి గొంతైనా బాగుందంటే "ఏరా, వారమంతా పడుకున్నావా?" అని ఏడిపిస్తారు. ఆ ఏడాదీ అందరి గొంతులూ బొంగురుపోయాయి, కొన్నాళ్ళకి అందరివీ తిరిగొచ్చాయి. కిటియోనేది రాలేదు. వింతేమీ లేదన్నారు. పాటల పెద్ద కదా, అందరికంటే ఎక్కువ పాడాడన్నారు. పైగా మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

మార్చిలో ఎడమ చెవి పోటు మొదలైంది. కందముద్ద మింగినప్పుడల్లా చెవి పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆరోగ్య కేంద్రంలో నర్సు చెవిలోకి లైటు వేసి చూసింది. "చెవి శుభ్రంగా ఉంది, అద్దంలా ఉంది," అంది. అని చుక్కల మందు చేతిలో పెట్టింది. చెవి అద్దంలా ఉంటే మందెందుకమ్మా? పోటు ఇంకెక్కడి నుంచి వస్తోందో అడగాలని కూడా తోచలేదు ఆ మహాతల్లికి. నోరు తెరవమనలేదు. అతని గొంతు ఎదురుగా గరగరలాడుతూనే ఉంది.

రాజధాని ఆస్పత్రికి వెళ్దామంది లుసెయానె. వారానికో పడవ ఉంది. ఎక్కితే సరిపోయేది. కానీ మా దగ్గర మగవాడి సంగతి తేల్చేది పెళ్ళాం కాదు, అక్క. కిటియోనే అక్క తోఆకాసే మాటకి ఆ ఇంట్లో తిరుగు లేదు. అలాగని ఆవిడ తమ్ముడి మంచం దగ్గరికి రాకూడదు. పెద్దయ్యాక అక్కాతమ్ముళ్ళు ఇంట్లో ఒక గదిలో కూర్చోరు, ఒంటి బాధల గురించి మాట్లాడుకోరు. అది మా మర్యాద. అందుకని ఆవిడ వరండాలో చాప మీద కూర్చుని తీర్పు చెప్పింది. పెళ్ళాం తరఫు వాళ్ళం కనక నేనూ చెల్లెలూ మెట్ల దగ్గర కింద కూర్చున్నాం.

"నాన్న సమాధి పక్కన సరుగుడు చెట్టుంది. వేరు ఆయన చెవిలోకి దిగుంటుంది. అందుకే వీడికి చెవిపోటు. శనివారం తవ్విద్దాం," అంది తోఆకాసే.

"చెవొక్కటే కాదు వదినగారూ, గొంతు కూడా. జనవరి నుంచీ అలాగే ఉంది," అంది లుసెయానె. "తిండి దిగట్లేదు ఆయనకి. పడవెక్కిస్తాను."

"పాటగాడి గొంతు బొంగురుపోక నీ గొంతు పోతుందా? పడవెక్కించి తిప్పితే వేరు ఊడొస్తుందా?"

నేనిక ఆగలేకపోయాను. "ఒక్కసారి లోపలికెళ్ళి మీ తమ్ముడి మొహం చూడండమ్మా. చెంపలు ఎంత లోపలికి పోయాయో."

వరండా అంతా గతుక్కుమంది. తమ్ముడి గదిలోకి వెళ్ళమని అక్కకి చెప్పడమంటే ఆవిణ్ణి తిట్టడమే. తోఆకాసే నా వైపు చూడనైనా చూడలేదు. "మీ అక్కకి వంటపొగ తలకెక్కినట్టుంది, తీసుకెళ్ళు," అంది లుసెయానెతో. అదీ వరస. మాట చెల్లే మనిషి అతన్ని చూడకూడదు. రోజూ చూసే మనిషికి మాట చెల్లదు.

శనివారం తెల్లవారుతుండగా తవ్వారు. ఎముకలు మీదికి రాగానే అందరం తలలు వంచుకున్నాం. నిజంగానే వేరుంది, పుర్రెకి ఆనుకుని. కోసేశారు. ఎముకలకి కొబ్బరినూనె రాసి, చెట్టు బెరడుతో చేసిన కొత్త బట్టలో చుట్టి, మళ్ళీ ఇసుక కప్పారు. చనిపోయినవాళ్ళని అంత ప్రేమగా చూసుకోవడాన్ని నేను తప్పు పట్టను. మా అమ్మకీ నేను చేశాను. కానీ ఆ ఇసుకలో ఎక్కడ తవ్వినా సరుగుడు వేరే తగులుతుంది. మా కుళాయి గొట్టంలోకి కూడా దూరింది. మా ఇంట్లో ఎవరికీ చెవిపోటు రాలేదే?

నాలుగు రోజులు పోటు తగ్గింది. తోఆకాసే ఊరంతా తిరిగి చెప్పుకుంది. తర్వాత అంతకంటే ఎక్కువైంది. అయితే ఇంకో వేరు ఏదో మిగిలి ఉంటుందన్నారు. జూన్‌లో చర్చి మహాసభ, మా బృందం పాడాలి. సభ అయ్యేదాకా ఓపిక పట్టమన్నారు పెద్దలు. మాట రాని మనిషి బెత్తంతో పాట నడిపించాడు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఏడవడానికి తీరికుంది కానీ పడవ టిక్కెట్టు కొనడానికి ఒక్కరికీ తీరిక లేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చున్నవాడికి ఊపిరి పీల్చినప్పుడల్లా ఈల శబ్దం వచ్చింది. లుసెయానె గిన్నె పక్కన పెట్టి, రెండు జతల బట్టలు సంచిలో కుక్కి, ఎవరితోనూ చెప్పకుండా అతన్ని పడవెక్కించింది. తోడు నేనూ వెళ్ళాను.

రాజధాని ఆస్పత్రికి ఆ వారమే పైదేశం నుంచి చెవి, ముక్కు, గొంతు డాక్టరమ్మ వచ్చింది. చెవి చూసింది, బాగుందంది. ఆ వెంటనే ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి గొంతు చూసింది. ఆవిడ మొహం మారిపోయింది.

"ఎన్నాళ్ళుగా ఈ బొంగురు?"

"జనవరి నుంచీ," అంది లుసెయానె.

"చుట్ట తాగుతాడా?"

"చాలా."

"చెవికీ గొంతుకీ నరాలు కలుస్తాయమ్మా. మంట గొంతులో ఉంది, పొగ చెవిలోంచి వచ్చింది. చెవి బాగుండీ పోటుందంటే గొంతు చూడాలి. బొంగురు మూడు వారాలు దాటినా అంతే. ముందే వచ్చుంటే ఈ క్యాన్సర్ చిన్న కురుపుగా ఉండగానే కాల్చేసేవాళ్ళం, గొంతు మిగిలేది. ఇప్పుడు స్వరపేటికనే తీసెయ్యాలి. లేకపోతే మనిషి దక్కడు."

ఆపరేషన్ పైదేశంలో, ఆక్లండ్‌లో చేశారు. మనిషి దక్కాడు. మెడ కింద చిన్న రంధ్రం, గాలంతా అందులోంచే. ముక్కుతో గాలి ఆడదు కనక వాసన కూడా తెలియదు. పెదాలు కదుపుతాడు, శబ్దం ఉండదు. ఆ కదలికలు చదవడం లుసెయానెకి ఒక్కదానికే వచ్చింది.

మళ్ళీ జనవరి వచ్చింది. ప్రార్థనల వారం చివర అతని కోసం చర్చి హాల్లో విందు పెట్టారు. నేలలో తవ్విన పొయ్యిలోంచి పంది మాంసం తీస్తుంటే ఊరంతా ఘుమఘుమలాడింది, అతను ఖాళీగా చూస్తూ కూర్చున్నాడు. తోఆకాసే పైవరసలో కూర్చుంది. ఎవరో వేరు సంగతి ఎత్తారు, సమాధి తవ్వబట్టే ప్రాణం నిలబడిందన్నారు. అందరూ తలలూపారు. నేను వడ్డిస్తున్న గరిటె ఆ తలల మీద విరగ్గొట్టాలనిపించింది. తర్వాత పాస్టరు లేచి, బొంగురు గొంతుతో, "మన కిటియోనే తన గొంతును దేవుడికి అర్పించాడు," అన్నాడు.

కిటియోనే బెత్తంతో నేల మీద కొట్టాడు. అతని పెదాలు కదిలాయి. కింది వరసలోంచి లుసెయానె లేచి నిలబడింది.

"'నేను అర్పించలేదు' అంటున్నారు," అంది.

"ఏమిటమ్మా?" అన్నాడు పాస్టరు.

"'నా గొంతు నేనెవరికీ ఇవ్వలేదు. నెలల తరబడి మీ మధ్యే చెడింది. అందరూ విన్నారు, మెచ్చుకున్నారు. మా నాన్న సమాధి తవ్వారు కానీ నా నోరు తెరిచి చూసినవాడు లేడు' అంటున్నారు."

"కూర్చో లుసెయానె," అంది తోఆకాసే.

ఆవిడ అలా అంటే మా వైపు వాళ్ళెవరూ నిలబడి ఉండరు. నేనే గరిటె పక్కన పెట్టి కూర్చోబోయాను. లుసెయానె మాత్రం కదల్లేదు.

"ఇది మీ తమ్ముడి మాట వదినగారూ, నాది కాదు. ఆయన కూర్చోమంటే కూర్చుంటాను."

అందరం కిటియోనే పెదాల వైపు చూశాం. అతను కూర్చోమనలేదు.