నిండు గ్లాసు నీళ్ళు

మా అక్క తాగదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. హిందూపురంలో మా వీధిలో సగం మంది నోళ్ళలో మరియమ్మ అంటే చాటుగా తాగి, మొహం ఎర్రగా చేసుకుని తిరిగే మనిషి. ఆమె గొంతులో నీళ్ళు, టీ, నేను కలిపిన అంబలి తప్ప ఇంకోటి దిగలేదని నాకు తెలుసు. ఒకసారి కొళాయి దగ్గర కుళ్ళాయమ్మ "పొద్దున్నే వేసినట్టుండాది మీ మరియమ్మ, ముక్కు చూడు ఎట్ల మండతాందో" అని నవ్వితే, బిందె కింద పడేసి దాని మీదికి పోయాను. జుట్టు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. అక్కే వచ్చి నన్ను రెక్క పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది.

"అననీమే. వాళ్ళ నోరు, వాళ్ళ ఇష్టం. నువ్వు నీళ్ళు ఒలకబోసుకుంటే నష్టం మనకే కదా" అంది.

అక్క అంటే తోడబుట్టినది కాదు, నా తోడికోడలు. ఆమె మొగుడు తిరుపాల్ బావ పట్టుగూళ్ళ మార్కెట్లో మూటలు మోస్తాడు. ఆయన తమ్ముడు నా మొగుడు. రెండు సంసారాలకీ ఒకటే వాకిలి, ఒకటే పొయ్యి. అక్క పనికి పోతుంది, నేను వండి పెడతాను. పదకొండేళ్ళుగా ఇదే మా ఏర్పాటు. నేను మంజుల.

అక్క పుట్టిల్లు పెనుకొండ దగ్గర పల్లె. పంతొమ్మిదేళ్ళకు పెళ్ళై వచ్చి, పట్టుదారం తీసే రీలింగ్ షెడ్డులో బేసిన్ ముందు కూర్చుంది. ఇప్పుడు నలభై మూడు. బేసిన్ అంటే ఆవిరి లేచే వేడినీళ్ళ తొట్టి. అందులో పట్టుగూళ్ళు తేలుతుంటాయి. ఒక్కో గూటికి దారపు కొస వెతికి పట్టుకుని, ఏడెనిమిది కొసలు కలిపి పైన తిరిగే చక్రానికి ఎక్కించాలి. ఏ కొస తెగినా ఆ క్షణమే కనిపెట్టి ఇంకో గూడు అందించాలి. ఆ దారం వెంట్రుక కంటే సన్నం. చేతులు నీళ్ళలో నానీ నానీ తెల్లబడి ఉబ్బిపోతాయి. మొహం పొద్దుగూకేదాకా ఆవిరిలోనే. షెడ్డులో పదహారు మంది ఆడవాళ్ళుంటే అక్క తీసిన లడిని, అంటే దారపు చుట్టను, యజమాని శ్రీకాంత్ వేరుగా కట్టించేవాడు. ధర్మవరం చీరలకు అదే పోయేది. చదువు లేదు, పొలం లేదు, అక్కకు ఉన్నదల్లా ఆ చూపు.

మొహం ఎర్రబడటం ఐదేళ్ళ కిందట మొదలైంది. ముందు బుగ్గలు, తర్వాత ముక్కు, చిన్న చిన్న పొక్కులు. మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన మూడో రోజుకే మొహం తేటగా వచ్చింది. మాకు అంతకంటే ఏం కావాలి? నాలుగేళ్ళు అదే రాసింది. రాస్తే తగ్గేది, మానేస్తే రెట్టింపు పొంగేది. ఆ తర్వాత రాసినా తగ్గలేదు. కళ్ళలో ఇసుక పడ్డట్టు గరగరమనడం అప్పుడే మొదలైంది.

ఒకరోజు శ్రీకాంత్ బేసిన్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడంట. "మరియమ్మా, లడి ఒక తావ సన్నం, ఒక తావ లావు వస్తాంది. ధర్మవరం నుంచి ఫోన్ చేసి తిడతాండారు. కంటికి చూపించుకో. బాగైతే నీ చోటు నీదే. లేకుంటే గూళ్ళు ఏరే పనికి పో" అన్నాడు. చెడ్డవాడేం కాదు. ఇరవై నాలుగేళ్ళుగా కూర్చున్న చోటు పోతుందని ఇంటికొచ్చి అక్క అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది.

మరుసటి రోజే నేను ఆమెను చర్మం డాక్టరు సుచిత్ర దగ్గరికి తీసుకుపోయాను. ఆమె దీపం వేసి మొహం చూసింది, రెప్పలు పైకెత్తి చూసింది. సంచిలోంచి ట్యూబు తీసి ఇస్తే చదివి చెత్తబుట్టలో వేసింది.

"దీన్ని రొసేషియా అంటారు. మొహంలో సన్నటి రక్తనాళాలు పొంగి ఉంటాయి. వేడి, ఆవిరి తగిలితే ఇంకా పొంగుతుంది. ఈ ట్యూబులోని స్టెరాయిడ్ దాన్ని ఇంకా ముదరబెట్టింది. పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవచ్చు. కానీ ఇది కంటికి కూడా పాకింది, మొహం కంటే నాకు నీ కళ్ళ గురించి భయంగా ఉంది" అంది.

తర్వాత ఓపికగా ఒక్కొక్కటీ చెప్పింది. పూసే జెల్ ఉంది, అది మొహానికే గానీ కంటికి పనిచేయదు. బెంగళూరులో లేజర్ ఉంది, అది ఎరుపును తగ్గిస్తుందంతే. ఇంకో గట్టి మాత్ర ఉంది, దాంతో కళ్ళు ఇంకా పొడిబారతాయి కాబట్టి వద్దు. మిగిలింది డాక్సీసైక్లిన్. నలభై మిల్లీగ్రాముల గోళీ అయితే కడుపుకు సుఖం, కానీ ఈ ఊళ్ళో దొరకదు. వంద మిల్లీగ్రాములది రోజుకు ఒకటి వేసుకుని చూడాలి.

అక్క అన్నీ విని ఒక్కటే అడిగింది. "ఏది వేసుకుంటే కన్ను నిలబడుతుంది మేడం?"

"ఈ మాత్రే. మరి ఆవిరి పని మానగలవా?"

అక్క నవ్వింది. డాక్టరమ్మకు అర్థమైంది, మళ్ళీ అడగలేదు. చీటీ రాసి, నా వైపు తిరిగి చెప్పింది. "నిండు గ్లాసు నీళ్ళతో వేయించు. వేసుకున్న వెంటనే పడుకోకూడదు. పాలతో మాత్రం వద్దు."

"మా ఇంట్లో టీలోకే పాలు చాలవు మేడం" అన్నాను. ఆమె కూడా నవ్వింది. నాకు ఆ నవ్వులన్నీ ఇప్పుడు గుర్తొస్తుంటాయి.

మొదటి రోజు చెప్పినట్టే నీళ్ళతో వేసుకుంది. పనికి పోయే దారిలోనే కక్కేసింది. ఇంగ్లీషు మందు వేడి, పరగడుపున నీళ్ళతో ఎట్లా ఆగుతుంది? మా వైపు జ్వరం మాత్రైనా, నొప్పుల మాత్రైనా అంబలితోనే మింగుతాం. మా అమ్మ అట్లే ఇచ్చింది, మా అత్త అట్లే ఇచ్చింది. రాగిపిండి ముందురోజే నానబెట్టి, పొద్దున్నే గడ్డలు కట్టకుండా కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేస్తే ఎంత వేడి మందైనా చల్లబడుతుందని మా నమ్మకం. మజ్జిగ పాలు కాదు కదా. పాలు వేడి చేస్తాయి, మజ్జిగ చలువ. ఇది డాక్టరు చెప్పాల్సిన పనేముంది, చిన్నపిల్లకు కూడా తెలుసు అనుకున్నాను.

ఆ రోజు నుంచి నేనే మాత్ర చేతిలో పెట్టి, చెంబెడు అంబలి పోసి, మింగేదాకా ఎదురుగా నిలబడేదాన్ని. నాకు జ్వరమొచ్చినా మానలేదు. కక్కడం ఆగింది. "చూస్తివా అక్కా, ఎట్ల ఆగిందో" అని గర్వంగా అన్నాను.

నెల తిరిగింది. మొహం ఇంకా పొంగింది. ట్యూబు మానేస్తే కొన్ని వారాలు అట్లాగే ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది గనుక ఓర్చుకున్నాం. కళ్ళు మాత్రం పొద్దున లేచేసరికి అతుక్కుపోయేవి. మళ్ళీ పోయాం.

"రోజూ వేసుకుంటున్నావా?"

"ఒక్కరోజు తప్పలేదు మేడం" అన్నాను నేను.

"పాలతో కాదు కదా?"

"పాలచుక్క తాకనీలేదు."

ఆమె పాత చీటీ తిప్పి చూసింది. మోతాదు చాలడం లేదేమో అని, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చేసింది. "కడుపు మంట వస్తుందేమో చూసుకో. కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి పో" అంది.

కడుపు మంట వచ్చింది. రెండు మాత్రలు కదా అని నేను అంబలి రెండుపూటలా పోశాను, ఇంకా చిక్కగా. అది చాలదని గ్యాసు మందు షాపు నుంచి తెచ్చి, మాత్ర మింగిన వెంటనే రెండు మూతలు తాగించాను. ఎంత తెలివి నాది! మంట తగ్గింది. మొహం తగ్గలేదు. అక్క అద్దం చూడటం మానేసింది. చర్చికి పోవడం కూడా మానేసింది. అక్కడ ఎవరో ఆమె పేరు చెప్పి, తాగుడు మానాలని ప్రార్థన చేయించారంట. ఆ మాట చెప్పి ఏడ్చింది. ఎవరేమన్నా పట్టించుకోని మనిషి, దేవుడి ముందు కూడా తాగుబోతును చేశారని ఏడ్చింది.

మూడో నెలలో ఒక పొద్దున అక్క ఎడమ కన్ను మూసుకుని వాకిట్లోకి వచ్చింది. "ఎండ గుచ్చతాందిమే" అంది. తెరిపించి చూస్తే నల్లగుడ్డు మీద రాగిగింజంత తెల్లటి చుక్క.

నా పుట్టిల్లు ధర్మవరం. మా అన్న గిరి అక్కడ మగ్గం నేస్తాడు, వాడికి ఒక కంటి డాక్టరు తెలుసు. ఆ పూటే రైలెక్కాం. పెనుకొండ రాగానే అక్క కిటికీ ఊచలకు నుదురు ఆనించి, కుడి కన్ను చేత్తో మూసుకుంది.

"కొండ కనపడతాందా అక్కా?"

"ఏదో నల్లగా ఉండాది. కొండో, మబ్బో తెలీలే."

చిన్నప్పటి నుంచి చూసిన కొండ అది. చేయి తీసేసి, కొంగు ఎడమ కంటి మీదికి లాక్కుంది.

డాక్టరు చాలాసేపు చూశాడు. నల్లగుడ్డు మీద పుండు పడింది, మానినా మచ్చ ఉండిపోతుంది, ఆ కంటి చూపు చాలా వరకు పోయినట్టే అన్నాడు. కుడి కన్ను కాపాడుకోవాలి అన్నాడు. పాత చీటీలు తిరగేసి, నుదురు చిట్లించాడు. "రెండు పూటలా వేసుకుంటూ కూడా ఇంత ముదిరిందా? మాత్ర ఎట్లా వేసుకుంటావమ్మా?"

నేను ముందుకొచ్చాను. "అంబలితో సార్. నేనే కాచి పోస్తా. మజ్జిగ కలిపి. వేడి చేయకుండా. మళ్ళా గ్యాసు మందు గూడా తాపుతా."

ఆయన కలం కింద పెట్టాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రాగుల్లో సున్నం, అదే కాల్షియం, ఎక్కువ, మజ్జిగలోనూ ఉంటుంది, గ్యాసు మందులో ఉండేది కూడా అట్లాంటిదే, అవి కడుపులోనే ఈ మందును పట్టేసుకుంటాయి, ఒంటికి ఎక్కనివ్వవు అని నెమ్మదిగా చెప్పాడు. పాలు వద్దన్నది అందుకేనట.

"అంటే మందు పనిచేయకుండా చేసింది నేనేనా సార్?"

"కొంత అదీ కావచ్చు. ఆవిరి ఉంది, పాత ట్యూబు ఉంది. ఏది ఎంతో నేను చెప్పలేను."

"ఎంతో చెప్పండి సార్! సగమా? పావా?" అని అరిచాను. బయట కూర్చున్న వాళ్ళు తొంగి చూశారు. అక్క నా చేయి పట్టుకుని నొక్కింది.

చుక్కల మందుతో పాటు ఆయన మళ్ళీ అదే మాత్ర రాశాడు. రోజుకు ఒకటే. రొట్టెముక్క తిని, నిండు గ్లాసు నీళ్ళతో. అంబలి, మజ్జిగ, గ్యాసు మందు ఏవైనా రెండు మూడు గంటలు ఆగాకే.

తిరుగు రైలులో పెనుకొండ వచ్చినప్పుడు అక్క కిటికీ వైపు చూడలేదు. నా వైపు తిరిగి, "ఇంట్లో చెప్పద్దుమే" అంది. "నా ఒంటికి మందు పట్టలేదని చెప్తా. నువ్వు నోరు తెరిచినావంటే నా మీద ఒట్టు."

"ఎందుకక్కా?"

"మీ బావకు తెలిస్తే పొయ్యి వేరు పెట్టమంటాడు. నాకు ఉండే కన్ను ఒకటి, ఉండే చెల్లెలు ఒకతి. రెండూ పోగొట్టుకోమంటావా?"

ఆరు వారాల్లో మొహం తేటపడింది. అదే మాత్ర, సగం మోతాదు, ఉత్త నీళ్ళు. ముక్కు మీద ఎరుపు లేదు, పొక్కు లేదు. ఐదేళ్ళలో ఆమె మొహం అంత శుభ్రంగా నేను చూడలేదు. కొళాయి దగ్గర కుళ్ళాయమ్మ "తాగుడు మానినట్టుండాదే మీ అక్క" అంది. ఈసారి నేను బిందె దించలేదు. ఏ మొహం పెట్టుకుని దించను?

బేసిన్ దగ్గర ఇప్పుడు వేరే ఆమె కూర్చుంటోంది. ఒంటి కన్నుతో కొస దూరం తెలియదు, వేళ్ళు కొస తప్పి వేడినీళ్ళ లోతుకు పోతాయి. అక్క షెడ్డు వెనక చెడ్డ గూళ్ళు ఏరుతుంది. కుడి కన్ను బాగుంది. అందరితోనూ "నా ఒంటికి మందు ఆలస్యంగా పట్టింది" అనే చెబుతుంది. ఇప్పటికీ అదే మాట.

పొద్దున్నే గడియారం చూసుకుని మాత్ర వేసుకుంటుంది. మూడు గంటలు గడిచాక షెడ్డుకు నేనే చెంబు తీసుకుపోతాను. "గడ్డలు లేవు కదామే?" అని ఆటపట్టిస్తూ గ్లాసు చాపుతుంది. నేను ఆమె చూపు లేని ఎడమ పక్కన నిలబడి పోస్తాను. కుడి పక్కకు పోయి నిలబడే ధైర్యం నాకు ఇంకా రాలేదు.