కారు సీటుకు పట్టిన వాసన

బ్యూటిరిక్ ఆమ్లం వాసన చెప్పాలంటే మూడు పోలికలు కావాలి: ముక్కిపోయిన నెయ్యి, పసిపిల్ల కక్కిన పాలు, తడిగా మూటగట్టి మరిచిపోయిన సాక్సులు. మూడూ కలిసి ముక్కులో ఆగవు, గొంతులోకి దిగుతాయి.

ఈ అరబ్బు దేశంలో, సబ్హాన్ అనే ఫ్యాక్టరీల పేటలోని మా షెడ్డులో పాడైన ఖర్జూరాల రసాన్ని గాలి తగలని ట్యాంకులో బ్యాక్టీరియాకు పెడతాం. అవి ముందు ఆ చక్కెరను బ్యూటిరిక్ వంటి ఆమ్లాలుగా మారుస్తాయి. తరువాత ఆ ఆమ్లాలనే తిరిగి తిని అసిటోన్, బ్యూటనాల్, కొంచెం ఇథనాల్ ఇస్తాయి. బ్యూటనాల్‌ను పెట్రోలులో కలపవచ్చు. ఆ వారం ట్యాంకు ఆమ్లాల దగ్గరే ఆగిపోయింది. పులుపు హద్దు మీరితే బ్యాక్టీరియా తమ మలినంలోనే మునిగి పని మానేస్తాయి. ట్యాంకు ఖాళీ చేస్తుంటే గొట్టం ఊడి మోకాళ్ల దాకా తడిశాను. స్నానం చేశాను, బట్టలు మార్చాను. బూట్లు మాత్రం అవే.

అప్పటికి కంపెనీ బస్సు వెళ్లిపోయింది. సబా అల్ సలేంలో ఒక ఇంట్లో డ్రైవరుగా చేసే కడప అన్న, రోడ్డు మీద నన్ను చూసి ఎక్కించుకున్నాడు. బయటివాళ్లను ఎక్కించకూడదని ఆ ఇంటి యజమానురాలి కట్టడి. ఆమెను పనివాళ్లంతా మామా అంటారు, ఇక్కడి మాటలో అమ్మ అని. దారిలో అన్న ముక్కు చిట్లించాడు. నన్ను దింపాక, అద్దాలు మూసిన ఆ కారు మరునాడు మధ్యాహ్నం దాకా ఎండలోనే ఉంది.

ఆ మధ్యాహ్నం అన్న ఫోన్ చేశాడు. మామా తలుపు తీసి, ముసుగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఎవరిని ఎక్కించావని అడిగిందట. ఎవరూ లేరు, పెరుగు ఒలికిందని చెప్పాడట. సాయంత్రం మామా తల్లిని ఆసుపత్రికి తీసుకుపోవాలి. అప్పటికి వాసన పోకపోతే అన్నను, పనిలో పెట్టిన ఏజెన్సీకే తిప్పి పంపుతానందట.

"ఆయమ్మ ఊరికే అనదబ్బా. ముందుటోణ్ణి సిగరెట్టు వాసనకే పంపేసింది. నువ్వు సదువుకున్నోడివి గదా, ఏదో ఒగటి చెయ్యి," అన్నాడు.

ఆ రోజు నాకు సెలవు. వెళ్లేసరికి కారులో బుఖూర్, అంటే ఊదు చెక్కల ధూపం, వేసి ఉంచాడు. వాంతి వాసన మీద ఊదు వాసన. మ్యాట్లు తీసేసి, వంటసోడా నీళ్లు నేల కార్పెట్ మీదా సీటు మీదా పోసి రుద్దాను. ఆమ్లం సోడాతో కలిస్తే లవణం అవుతుంది, లవణం ఆవిరి కాదు, కాబట్టి వాసన రాదు. తర్కం సరైనదే. లోపలి స్పాంజిలోంచి బురద రంగు నురగ బుసబుసా పైకి వచ్చింది. పిండాను, మళ్లీ పోశాను, మళ్లీ పిండాను. చివరికి తల లోపల పెట్టి వాసన చూశాను. ఏమీ తెలియలేదు. అంతసేపు అందులోనే ఉంటే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. అన్న ముక్కు నిండా బుఖూర్. ఇక పరీక్షించగల ముక్కు మామాది ఒక్కటే.

సాయంత్రం వీధి మలుపులో నిలబడి చూశాను. మామా తల్లిని ఎక్కించి, తానూ ఎక్కింది. తలుపు పడింది. కారు కదలలేదు. కాసేపటికి నాలుగు అద్దాలూ పూర్తిగా కిందికి దిగాయి. ఆ వేడిగాలిలో, ఆ దుమ్ములో, అలాగే వెళ్లిపోయింది.

ఆసుపత్రి నుంచే అన్న ఫోన్ చేశాడు.

"పని నిలబడింది తమ్ముడా. దావంతా ముసుగు ముక్కుకే అడ్డం పెట్టుకోనుండె ఆయమ్మ. దిగేటప్పుడు, సీట్లు మార్పించమనింది, అంతే. నువ్వేమీ అనుకోవద్దు, ఇంగ నా బండి ఎక్కొద్దు."

సరేనన్నాను. ఆయన స్థానంలో ఉంటే నేనైనా నన్ను ఎక్కించుకోను.